నాలుగు హద్దులు

ఆర్మూర్,
26 నవంబర్ 2025, బుధవారం.

ఈ రోజు పనులు: రెండు పూటల వంట, జొన్న రొట్టెలు పదకొండు, బకెట్‌న్నర బట్టలు, మేడ మీద ఆరబోసిన కందిపప్పు రెండుసార్లు తిరగెయ్యడం, కారం పట్టించి డబ్బాకెత్తడం, మీ బావ చొక్కాలకు గుండీలు మూడు. మిగిలింది ఈ ఉత్తరం ఒక్కటే.

చిరంజీవి కావేరికి అక్క దీవెనలు.

చేతిలో ఫోను పెట్టుకుని ఉత్తరమేమిటని నవ్వకు. నీతో ఎవరు మాట్లాడినా ఐదు వేల దండుగ అని సోమవారం మన రాళ్లకుంటలో గ్రామ కమిటీ డప్పు కొట్టించిందట కదా. మేం ఆర్మూర్‌లో ఉన్నా మా రెండెకరాల పసుపు అక్కడే ఉంది, ఓట్లూ అక్కడే ఉన్నాయి. ఆ పైన మీ బావ కమిటీలో సభ్యుడు. మార్కెట్ యార్డు నుంచి రాగానే చెయ్యి చాపి నిలబడ్డాడు.

"కావేరితోని మాట్లాడనని చెయ్యి ఎయ్యి."

"అది నాకు యారాలు. నీ తమ్ముడు చిన్నన్న పెండ్లాం. నాలుగేండ్ల కింద చిన్నన్న పోయినప్పుడు ఏం చెప్పినవ్? ఇంటి ఆడిబిడ్డ లెక్క చూస్కుంట అన్నవ్."

"గప్పుడు అన్న. గిప్పుడు చేన్ల పసుపు ఉన్నది. తవ్వెటోళ్లు రాకుంటె నువ్వు తవ్వుతవా?"

చెయ్యి వేశాను. మాట్లాడనన్నాను, మాట్లాడను. రాయొద్దని ఆయన అడగలేదు, నేను గుర్తు చెయ్యలేదు.

ఆదివారం సంగతి ఆయన ముక్కలుగా చెప్పాడు. సర్పంచ్ పదవి ఈసారి ఆడవాళ్లకు వచ్చిందని, కమిటీ వాళ్లు దాన్ని వేలం పెట్టారని, కంకర మిషన్ల దేవన్న తన భార్య ప్రవళిక పేరున ఇరవై ఒక్క లక్షలకు పాడాడని, ఆ డబ్బుతో ఊరికి ఫంక్షన్ హాలు కడతారని. అందరూ చప్పట్లు కొడుతుంటే నువ్వు లేచావట. ఏమన్నావో మాత్రం ఆయన చెప్పలేదు.

యార్డులో ఏ వ్యాపారీ పసుపు కొమ్మును విరిచి లోపలి రంగు చూడకుండా ధర చెప్పడు. మన ఊళ్లో ధర చెప్పినవాడికే కుర్చీ, విరిచి చూసే పని లేదు. ఇది నాకూ నచ్చలేదు. అయినా చెబుతున్నాను, ఊరుకో. కూతురు దీక్షిత చదువు ఉంది. ఒక్కదానివి.

నీ అక్క,
గంగామణి.


రాళ్లకుంట,
28 నవంబర్.

అక్కకు కావేరి నమస్తే.

నాకు నీ లెక్క పుస్తకం భాష రాదు. మాట్లాడినట్టే రాస్తున్న. మాట్లాడక ఐదు రోజులైతుంది, నోరు తుప్పు పట్టేటట్టున్నది.

నీ ఉత్తరం పోస్టు సాలోమోను తెచ్చిండు. ఆయనది పక్క ఊరు, మన కమిటీ ఆయనను ఏం చెయ్యలేదు. వాకిట్ల నిలబడి గట్టిగ, అందరికి ఇనపడేటట్టు, "ఉత్తరం ఇయ్యకుంటె నా నౌకరి పోతది, నౌకరి పోతె నన్ను మీ కమిటీ సాకుతదా?" అన్నడు. అటెన్క మెల్లగ "చాయ్ పోస్తె తాగుత చెల్లె, నాకు దండుగ లేదు" అన్నడు. రెండు కప్పులు తాగిండు.

ఆదివారం నేను ఏమన్ననో చెప్త. దేవన్న పాట అయిపోయినంక గజేందర్ సారు, గదే మన పంచాయతీ కార్యదర్శి, ఇంటికి పోతా అని లేచిండు. పదవి అమ్ముడు తప్పని ఆయనకు తెలుసు. ఆయన పోయినంక ఒక కాయిదం తీసిండ్రు. గుట్ట కింద గైరాను, మన పసులు మేసే జాగ, అరవై రెండు ఎకరాలు "ఎవ్వరికి పనికిరాని భూమి" అట. అండ్ల గుట్ట రాళ్లు పలగ్గొట్టే కంకర మిషను పెడితె ఊరికి అభ్యంతరం లేదట. పెద్దమనుషులు అందరు సంతకాలు పెట్టిండ్రు. కొత్త సర్పంచ్ రాంగనే గ్రామసభల పాస్ చేస్తరు, గంతే.

అప్పుడు లేచిన. "ఇరవై ఒక్క లక్షలు హాలుకు కాదు, గుట్టకు పెట్టిండు. గుట్టను కాపాడెటోళ్లను ఎన్నుకుంటున్నమా, గుట్టను కొనే గిరాకిని ఎన్నుకుంటున్నమా?" అని అడిగిన. "ఎవ్వరు నిలబడకపోతె నేనే నిలబడ్త" అన్న. గంతే అక్క. గందుకే డప్పు కొట్టిచ్చిండ్రు.

నీకు తెలుసు, గుట్ట మీది సీతాఫలాలతోని ముప్పై ఇండ్లు బతుకుతయి. కొమ్మ విరగ్గొట్టొద్దు, కన్ను తెరవని కాయ తెంపొద్దు, మీది కొమ్మల కాయలు పక్షులకు అని ఆడోళ్లకు నేనే కట్టుబాటు పెట్టిన. గీ ఆరేండ్లల్ల ఒక్కలు తప్పలేదు. గది చెయ్యొస్తె పంచాయతీ చెయ్యరాదా?

ఆ కాయిదం రాసినోళ్లు ఎవ్వరో గని మస్తు మంచిగ రాసిండ్రు. నాలుగు హద్దులు ముత్యాల లెక్క రాసిండ్రు. వాన నీళ్లు పారే ఒర్రె అవతలి హద్దురాయి దాక రాసిండ్రు. గుట్ట మీద నడిచినోళ్లకు తప్ప ఆ రాయి తెల్వది.

ఇగ అసలు ముచ్చట. నామినేషన్ ఏస్తె ఇంకొక ఓటరు సంతకం పెట్టాల్నట, ఈమెను నేను నిలబెడుతున్న అని. మా ఇంట్ల ఓటు నాదొక్కదే, దీక్షితకు పదిహేడేండ్లు. ఊర్ల ఎవ్వరి ఇంటి ముందట నిలబడ్డ తలుపు ఏస్తున్నరు. నీ ఓటు ఈడనే ఉన్నది. డిసెంబర్ ఐదు ఆఖరు రోజు.

నీ సంతకం కావాలె అక్క.

కావేరి.


ఆర్మూర్,
30 నవంబర్, ఆదివారం.

ఈ రోజు పనులు: తలస్నానాలు, కోడికూర, రొట్టెలు పద్నాలుగు (మీ బావ స్నేహితుడు భోజనానికి వచ్చాడు), నీళ్ల ట్యాంకు కడగడం, దోమతెరలు రెండు ఉతకడం, పాత చీరలతో బొంత ఒక మూర కుట్టడం, బియ్యంలో పురుగు ఏరడం, గోడ గడియారానికి సెల్లు మార్చడం, గ్యాస్ పొయ్యి బర్నర్లు తోమడం.

చి. కావేరికి.

ఉత్తరం అందింది. పని ఎక్కువగా ఉండి వెంటనే రాయలేకపోయాను.

సంతకం మాట రాశావు. ఆలోచించాను. మీ బావ కమిటీలో ఉన్నాడు. పుష్యం దాటితే పసుపు తవ్వాలి, ఉడకబెట్టాలి, ఆరబోయాలి. ఆ పనంతా ఊరి మనుషులతోనే. నేను సంతకం పెడితే మా చేనికీ డప్పు కొడతారు. నువ్వు నిలబడితే తప్పేమీ లేదు, నీకంటే బాగా గుట్టను చూసేవాళ్లూ లేరు. అయినా సంతకానికి నన్ను లెక్కలో పెట్టుకోకు.

చలి పెరిగింది. దీక్షితకు హాస్టల్లో దుప్పటి చాలకపోతే నా దగ్గర ఒకటి ఎక్కువ ఉంది, పంపిస్తాను.

ఆ కాగితం ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది? ఊరికే అడిగాను.

గంగామణి.


రాళ్లకుంట,
2 డిసెంబర్.

అక్కా,

కాయిదం దేవన్న బీరువల ఉన్నది. దాని ఫోటో ఊరందరి ఫోన్లల్ల ఉన్నది. నా ఫోన్ల కూడ.

అంకె ఎక్కడ రాసిన దాని కింద రెండు గీతలు గీసే అలవాటు ఈ జిల్లాల ఎందరికి ఉంటదో నాకు తెల్వది. నా పెండ్లికి తెచ్చిన సామాను చిట్టీ మీద ఉన్నయి. చిన్నన్న దవాఖాన మందుల చిట్టీ మీద ఉన్నయి. నువ్వు మొన్న రాసిన ఉత్తరంల తారీఖు కింద ఉన్నయి.

వేలం నాడే గుర్తుపట్టిన. రాసినోళ్లు మస్తు మంచిగ రాసిండ్రని అందుకే రాసిన, నువ్వే చెప్తవేమో అని. నువ్వు ట్యాంకు కడిగిన ముచ్చట చెప్పినవ్.

దుప్పటి వద్దు.

కావేరి.


ఆర్మూర్,
5 డిసెంబర్, శుక్రవారం.

ఈ రోజు పనులు: రొట్టెలు ఆరు. సంతకం ఒకటి. మిగతావి చెయ్యలేదు.

చి. కావేరికి.

పొద్దున నీ పక్కనే నిలబడి వచ్చాను కానీ నీతో చెప్పాల్సింది ఏదీ చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ కాగితం నేనే రాశాను. వేలానికి రెండు రోజుల ముందు మీ బావ ఒక చిత్తు పట్టుకొచ్చాడు. "నీ చేతిరాత మంచిగుంటది, జర సాపు రాసియ్యి" అన్నాడు. కంకర మిషను కోసమని అందులోనే ఉంది. చదివాను. చదవలేదని అబద్ధమాడను. కానీ నా కళ్లు దాని మీద ఆగలేదు. చిత్తులో హద్దులు సరిగ్గా లేవు, వాటి మీద ఆగాయి. తూర్పున బండ్లబాట, దక్షిణాన పసుపు చేన్లు, పడమట గుట్ట. ఉత్తరాన "ఒర్రె దగ్గర దాకా" అని రాసి ఉంది. దగ్గర అంటే ఎంత దగ్గర? అది హద్దెలా అవుతుంది? ఒర్రెకు ఇవతల గుర్తు ఏదీ లేదని నాకు తెలుసు. మనిద్దరం కొత్త కోడళ్లుగా సీతాఫలాలకు పోయినప్పుడు గంపలు దించుకున్న హద్దురాయి ఒర్రెకు అవతల ఉంది. అందుకని "ఒర్రె అవతలి హద్దురాయి దాకా" అని సరిచేశాను. బాగా రాశానని సంతోషపడ్డాను కూడా.

అలా ఒర్రె మొత్తం వాళ్లకు పోయే భూమిలో కలిసింది. కుంటలోకి నీళ్లు దిగేది ఆ ఒర్రెలోంచే. కుంట నిండితేనే మన బోర్లలో నీళ్లు. దేవన్నకు కూడా తట్టని సంగతి నేను నా చేత్తో రాసిచ్చాను. ఎవరూ బలవంతపెట్టలేదు. కాగితం నీటుగా ఉండాలన్న యావ ఒక్కటే.

నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే నాకు తెలిసింది ఏం చేశానో. అయినా బొంత కుట్టానని రాశాను.

నిన్న నీ ఉత్తరం మీ బావ ముందు పెట్టాను. చదివి మడత పెట్టి తిరిగి నా చేతికిచ్చాడు. తరువాత, "సంతకం పెడ్తవా?" అన్నాడు. "పెడ్త" అన్నాను. "నాకు చెప్పకుండ పెట్టేది ఉండె" అన్నాడు. "నీకు చెప్పకుండ హద్దు దిద్దితె ఏమైతదో ఇప్పుడే చూసిన" అన్నాను. పొద్దున తనే బండి తీశాడు. నామినేషన్ల ఆఫీసుకు వంద గజాల ఇవతల దింపి, "నేను నిన్ను చూడలే. నువ్వు ఎట్ల వచ్చినవో నాకు తెల్వది" అని బండి తిప్పుకుని పోయాడు.

లోపల జరిగింది గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. నువ్వు గోడవైపు చూస్తున్నావు, నేను ఫ్యాను వైపు. ఆ అధికారి కళ్లద్దాలు తీసి అడిగాడు కదా.

"ఈమె మీకేమైతదమ్మా?"

"మా యారాలు సార్."

"మరి పలకరించుకుంటలేరేంది? కొట్లాడిండ్రా?"

"లేదు సార్. మా ఊర్ల ఈమెతోని మాట్లాడితె ఐదు వేలు."

"నామినేషన్ ఫీజు కూడ గంత లేదు కదమ్మా!"

అప్పుడు నువ్వు నవ్వావు. పన్నెండు రోజుల తరువాత నీ నవ్వు విన్నాను. సంతకం పెట్టి తారీఖు కింద రెండు గీతలు గీశాను, చూశావో లేదో.

ఇంటికొచ్చి నా నోటు పుస్తకంలో ఒక బాకీ రాసుకున్నాను. రాళ్లకుంట గైరానుకు నేను నాలుగు హద్దులు బాకీ. సంతకంతో అది తీరలేదు. సంతకం నీకు పెట్టింది. హద్దులు గుట్టవి.

నీ అక్క,
గంగామణి.


రాళ్లకుంట,
18 డిసెంబర్.

అక్కకు,

తొమ్మిది ఓట్లు. ప్రవళికకు ఐదు వందల ఇరవై ఒక్కటి, నాకు ఐదు వందల పన్నెండు.

మంది వచ్చి "గంతమంది ఏసిండ్రు, గెలిచినట్టే" అంటున్నరు. గెలిచినట్టే అంటె ఓడినట్టు. మాట్లాడొద్దన్న ఊర్ల ఐదు వందల పన్నెండు మంది నాకు గుద్దిండ్రు, గది నిజమే. నోటితోని మాట్లాడరు గని ఏలితోని మాట్లాడిండ్రు. గని తొమ్మిది మంది కోసం నేను రాత్రంత ఇండ్లు లెక్కవెట్టుకుంట కూసున్న. ఎవ్వరు, ఎవ్వరు అని. గది మంచి అలవాటు కాదు.

రెండు రాత్రులు ఇంటింటికి ఏమేమి పంచిండ్రో నీకు చెప్పను. నువ్వు లెక్క రాస్తవ్.

ప్రవళిక గెలిచినంక ఊరేగింపుల నా ఇంటి ముందటి నుంచి పోయింది. మెడ నిండ దండలు. తల ఎత్తి నన్ను చూడలేదు. దాని తల్లి నాతోనే సీతాఫలాలకు వచ్చేది, గంప మీద కూసోవెట్టుకొని తెచ్చేది దాన్ని. మూడేండ్ల పిల్ల. గింజలు మింగుతది అని భయపడుతుండె. గీ పొద్దు ఆ గుట్టకే సర్పంచ్.

జనవరి ఇరవై ఆరున గ్రామసభ. నీ ముత్యాల కాయిదం ఆనాడే పాస్ చేస్తరట. నేను రాను. నా ముంగట చదువుతుంటె కూసొని ఇనలేను. ఏర్గట్లల మా తల్లిగారింటికి పోతున్న. ఈ ఉత్తరానికి జవాబు రాస్తె ఆడికే రాయి.

మీ చేను ముచ్చట సాలోమోను చెప్పిండు. మీకు కూడ డప్పు కొట్టిండ్రట కదా. నా వల్ల.

కావేరి.


ఆర్మూర్,
27 జనవరి 2026, మంగళవారం.

ఈ రోజు పనులు: రొట్టెలు తొమ్మిది, నిన్న బురదంటిన చీర ఉతకడం, అటక మీది నుంచి దించిన ఇరవై రెండు నోటు పుస్తకాలు దుమ్ము దులిపి తిరిగి పెట్టడం.

చి. కావేరికి దీవెనలు.

ముందు చేను సంగతి, నువ్వు బాధపడకుండా. డప్పు కొట్టిన మాట నిజమే. పసుపు తవ్వకానికి ఇద్దరే వస్తామన్నారు, వాళ్లూ రాలేదు. మీ బావా నేనూ కలిసి నాలుగు రోజుల్లో ఆరు సాళ్లు తవ్వాం. ఐదో రోజు తెల్లారేసరికి గట్టు మీద మీ సీతాఫలాల ఆడవాళ్లు పదకొండు మంది కూర్చుని ఉన్నారు. ఎవరూ మాతో మాట్లాడలేదు. దిగి తవ్వారు. మేక లింగవ్వ మాత్రం గట్టు వైపు తిరిగి, "గట్టూ, నీళ్ల బిందె ఏడున్నదే?" అని అడిగేది. నేను గట్టుకే జవాబు చెప్పాను.

ఇక నిన్నటి గ్రామసభ. నువ్వు లేవు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను.

పంచాయతీ ముందు షామియానా వేశారు. జెండా ఎగరేశాక మొదలైంది. బల్ల వెనక ప్రవళిక, ఆమె పక్క కుర్చీలో దేవన్న. అది వార్డు సభ్యుల కుర్చీ, ఎవరూ అడగలేదు. గజేందర్ సారు కాగితం చదివాడు. నేను రాసిన ప్రతి మాటా నా చెవిన పడింది. "ఎవరికీ పనికిరాని భూమి" అన్న దగ్గర లింగవ్వ లేచింది.

"పనికిరాని జాగైతె నా మేకలు ముప్పై ఏండ్ల సంది ఏం తింటున్నయి సారు? గాలా?"

నవ్వారు. దేవన్న కూడా నవ్వి, "కూసో అవ్వ, నీ మేకలకు గడ్డి నేను కొనిస్త" అన్నాడు. "ఎన్నేండ్లు కొనిస్తవ్ కొడుకా? నేను సచ్చెదాకనా, నువ్వు సచ్చెదాకనా?" అంది.

అప్పుడు నేను లేచాను. మొగవాళ్ల వరసలో మీ బావ ఉన్నాడు, తల దించుకున్నాడు. నా ముందు రెండు సంచుల నిండా నేను ఏటేటా రాసుకున్న నోటు పుస్తకాలు.

"గీ కాయిదం రాసింది నేనే. ఊరు చెప్పింది కాదు, కమిటీ చెప్పింది రాసిన. ఒర్రెను లోపల కలిపింది కూడ నేనే. తప్పు రాసిన. దిద్దుకుంటానికి వచ్చిన."

తరువాత పుస్తకాలు తీసి చదివాను. నాకు తెలిసిన పని అదొక్కటే కదా. ఏ ఏడు ఏ తారీఖున ఒర్రె పారింది, కుంట ఎప్పుడు నిండింది, ఆ ఏడు మా బోరు ఎన్ని నెలలు పోసింది. ఒర్రె పారని రెండేళ్లు ఊళ్లో ఎవరి పసుపు ఎండింది. ఒక్కో ఇంటి పేరూ ఉంది. పేరు విన్నప్పుడల్లా ఎవరో ఒకరు "అవును, నిజమే" అనడం మొదలుపెట్టారు. కమిటీ పెద్దల్లో ముగ్గురి పేర్లు వచ్చాయి. అందులో ఒకాయన, "నా మోటరు కాలింది గా ఏడే" అని పక్కవాడితో అన్నాడు. నాతో కాదులే.

దేవన్న లేచాడు. "ముచ్చట్లు కాదు. హాలుకు స్లాబు పడ్డది. ఇరవై ఒక్క లక్షలు ఉత్తగనే ఇచ్చిన్నా?" అని ప్రవళిక వైపు తిరిగి, "సంతకం పెట్టు" అన్నాడు.

ఆ పిల్ల అప్పటిదాకా బల్ల మీది గుడ్డ అంచు మడత పెడుతూ ఉంది. పెన్ను తీసింది. సంతకం పెట్టేస్తుందనే అనుకున్నాను. పెన్ను పట్టుకుని అడిగింది.

"పైసలు ఎందుకు ఇస్తున్నవో నాకు చెప్పినవా?"

"ఇంట్ల మాట్లాడుకుందాం."

"ఇంట్ల అడిగితె సభల తెలుస్తది అన్నవ్. ఇది సభనే కదా. గా ఒర్రెల మా అమ్మ బట్టలు పిండింది. నేను ఆడ ఆడుకున్న."

"ప్రవళికా!"

"సర్పంచ్ ఎవ్వరు? నువ్వా, నేనా? నువ్వైతె నా దండలు నువ్వే ఏసుకునేది ఉండె."

గజేందర్ సారు గొంతు సవరించుకుని, చేతులెత్తించాలమ్మా, అదే పద్ధతి అన్నాడు. మిషను కావాలన్నవాళ్లు ఇరవై ఏడు మంది. వద్దన్నవాళ్లను ఆయన రెండుసార్లు లెక్కపెట్టాడు, నేను మూడుసార్లు. నూట ఎనభై నాలుగు. మీ బావ చెయ్యి ఎత్తాడా లేదా అని చూడలేదు. ఆయన నన్ను ఆఫీసు దగ్గర చూడలేదు కదా, దానికీ దీనికీ సరి.

తీర్మానాల పుస్తకం తెరిచి ప్రవళిక కాసేపు చూసింది. తరువాత బల్ల మీద నుంచి నా వైపు జరిపింది. "పెద్దమ్మా, నా అక్షరాలు కోడి గీకినట్టుంటయి. హద్దులు నువ్వే రాయి. నేను సంతకం పెడ్త."

రాశాను కావేరీ. తూర్పున బండ్లబాట. దక్షిణాన పసుపు చేన్లు. పడమట గుట్ట. ఉత్తరాన ఒర్రె అవతలి హద్దురాయి. అవే హద్దులు, ఒక్కటీ మార్చలేదు. ఒర్రె లోపలే ఉంది, ఇప్పుడు ఉండాల్సిన చోట ఉంది. కింది మాట మారింది: ఈ భూమి పశువుల మేతకు, సీతాఫలాలకు, కుంట నీళ్లకు ఊరిది, ఏ మిషనుకూ ఇవ్వబడదు.

ఇది ఇక్కడితో అయిపోదు. జిల్లా ఆఫీసు దాకా పోతానని దేవన్న అన్నాడు, పోతాడు కూడా. ప్రవళిక ఇంట్లో రాత్రి ఏం జరిగిందో తెలియదు. పొద్దున సాలోమోను చూస్తే ఆమె పంచాయతీ ఆఫీసు తాళం తనే తీస్తోందట. ఆమెకు ఓటెయ్యలేదు, నీకే వేశాను, ఇప్పుడు ఎన్నికలొచ్చినా నీకే వేస్తాను. కానీ ఒకటి తెలిసింది. ఎవర్ని కూర్చోబెట్టామన్నది సగం పని. వాళ్ల ఎదుట షామియానా కింద ఎవరు వచ్చి కూర్చుంటారన్నది మిగతా సగం. నువ్వు రాకపోవడం తప్పే. వచ్చే సభకు ఏర్గట్లలో ఉంటానంటే ఒప్పుకోను. గుట్టను చూసుకునే కమిటీకి పేర్లు అడిగితే ప్రవళికే మొదట నీ పేరు చెప్పింది.

ఇది రాస్తుంటే మీ బావ వచ్చి నా భుజం మీద నుంచి చూశాడు. "ఇగ ఫోన్ చేసుకోరాదు? ఉత్తరమెందుకు?" అన్నాడు. ఒట్టు తీసేశావా అని అడిగాను. తీసేశానన్నాడు. ఇది పూర్తి చేసి చేస్తానన్నాను. పుస్తకంలో ఒక్క వరస మిగిలి ఉంది, అది రాశాక:

26 జనవరి 2026. రాళ్లకుంట గైరానుకు గంగామణి బాకీ, హద్దులు నాలుగు. ముట్టినవి. చెల్లు.